పెద్ద థ్రాటిల్ బాడీ, నేను ఎక్కనన్న గుట్ట

నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కనని నేను పట్టిన పంతం వల్ల ఒక డాక్టరమ్మ చావు అంచుదాకా పోయి వచ్చింది. ముప్పై ఏళ్ళు స్పానర్ పట్టినవాణ్ణి. అంతకంటే ఎక్కువ ఏళ్ళు మూఢనమ్మకాల మీద కలం పట్టినవాణ్ణి. ఈ రెండు పనుల్లో కలిపి నేను చేసిన తప్పుల్లో అదే పెద్దది. ఇవాళ కొత్తగా షెడ్డులో చేరిన మెకానిక్కులూ, బండి పిచ్చి పట్టిన కాలేజీ పిల్లలూ నా దగ్గరికొచ్చి "సార్, పెద్ద థ్రాటిల్ బాడీ వేయిస్తే లాభమేనా?" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోవడానికి కారణం కూడా అదే. కూర్చోబెట్టి మొత్తం చెప్తాను. ఓపిక లేనివాళ్ళు మధ్యలో లేచిపోతారు. మీరు లేవకండి.

మా గ్యారేజీ నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక సందులో ఉండేది. షెడ్డులో ఆరు బండ్లు పట్టేవి, ఏడోది ఎప్పుడూ సందులోనే నిలబడి అందరి చేతా తిట్లు తినేది. నేను కార్బురేటర్ల కాలంలో చేరాను. తొంభైల చివర్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు వచ్చేసరికి, చెవితో విని ఇంజన్ జబ్బు చెప్పగల పాత మెకానిక్కులు చాలామంది బెదిరిపోయారు. నేను బెదరలేదు. ఇంగ్లీషు మాన్యువల్ చదవగలను, ఇంజన్ తప్పులు చదివే స్కానర్ తగిలించడం నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటేసరికి మా సేఠ్ ఇంజెక్షన్ బండ్లన్నీ నాకే అప్పజెప్పాడు. కొమ్ములు మొలవడానికి అంతకంటే ఏం కావాలి?

ఉన్న కొమ్ములు ఉండనే ఉన్నాయి. సాయంత్రాలు సుల్తాన్ బజార్‌లో ఒక పాత లైబ్రరీ మేడ మీద మా చర్చలు జరిగేవి. తాయెత్తులు, జాతకాలు, చేతబడులు, నీళ్ళ మీద నడిచే బాబాలు, ఒక్కొక్కటిగా ఉతికి ఆరేసేవాళ్ళం. "రుజువు చూపించు" అన్నది మా ఊతపదం. అక్కడే నేను మాట్లాడటం నేర్చుకున్నాను. వినడం మాత్రం అక్కడ నేర్పలేదు.

నాంపల్లి గ్యారేజీల్లో అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంజన్ విప్పి బిగించిన బండిని కస్టమర్‌కు ఇచ్చే ముందు నౌబత్ పహాడ్ ఎక్కించేవాళ్ళు. పైన గుడి. బండికి కుంకుమ బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద కొబ్బరి చిప్ప. కస్టమర్ సంతోషంగా టీ తాగించేవాడు. నాకు ఒళ్ళు మండేది. "పిస్టన్‌కు భక్తి ఉంటుందా? స్పార్క్ ప్లగ్గు ముహూర్తం చూసుకుని మండుతుందా? నిమ్మకాయ నలిగితే బ్రేకులు బాగుపడతాయా?" అని షెడ్డు మధ్యలో నిలబడి ఉపన్యాసం దంచాను. ఒక చిన్న పత్రికకు వ్యాసం కూడా రాశాను. సేఠ్ చివరికి విసిగిపోయి "నీ బండ్లు నీ ఇష్టమయ్యా, నా తలకాయ తినకు" అన్నాడు. అంతే, నా బండ్లు గుట్ట ఎక్కడం మానేశాయి. నాంపల్లి నుంచి ఆబిడ్స్, ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్, మళ్ళీ వెనక్కి, ఇదే నా ట్రయల్. చదును రోడ్డు, నిండా ట్రాఫిక్. మూడో గేరు పడిందంటే పండగే.

మా షెడ్డు పెద్ద మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. మెదక్ దిక్కు క్రైస్తవ కుటుంబం ఆయనది. ఆదివారం చర్చి తప్పడు. పొద్దున షట్టర్ ఎత్తగానే ఒక నిమిషం కళ్ళు మూసుకుని నిలబడేవాడు. నేను ఊరుకుంటానా?

"ఉస్తాద్, ఆ నిమిషంలో ఒక ప్లగ్గు విప్పొచ్చు."

"విప్పు తమ్మీ. నేను కండ్లు మూసుకున్నంత సేపు నువ్వు నోరు మూసుకుంటే రెండు ఇప్పొచ్చు."

ఆయన కూడా బండికి కుంకుమ పెట్టించేవాడు కాదు. కానీ తన చేతి కింద అయిన ప్రతి బండినీ నౌబత్ పహాడ్ ఎక్కించేవాడు. "క్రైస్తవులు కదా, మీకు గుడితో ఏం పని?" అని ఒకసారి గుచ్చాను.

"గుడితోని నాకేం పని? నాకు ఎక్కుడుతోని పని," అన్నాడు.

లోకానికి భయపడి చెప్పే సాకు అనుకున్నాను. నవ్వి వదిలేశాను.

ఇక థ్రాటిల్ సంగతి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, తెలిసినవాళ్ళు క్షమించండి. ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టానికి అడ్డంగా ఒక గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ నొక్కితే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపూ, దాని చట్రమూ కలిపి థ్రాటిల్ బాడీ. తలుపు పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది, గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. ఎంత సులువైన తర్కం! నా బుర్రకు అది పుట్టిన రోజున నాకు నిద్ర పట్టలేదు. పాత సామాన్ల అంగడిలో పెద్ద ఇంజన్ బండి థ్రాటిల్ బాడీ తెచ్చి, లేత్ షాపులో దానికి సరిపడా అడాప్టర్ ప్లేటు చేయించి, చిన్న కారుకు బిగించాను. పనితనంలో వంక పెట్టడానికి లేదు, ఇప్పటికీ చెప్తాను.

మొదట వేసింది ఖైరతాబాద్ వకీలు గారి కారుకు. మర్నాడే ఆయన షెడ్డుకొచ్చాడు. "ఏం మంత్రం వేసినవ్ భాయ్! కాలు ఇట్ల పెడితే బండి అట్ల దుంకుతున్నది!" మంత్రాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి ఆ మాటకు మురిసిపోయాను. నేనూ నడిపి చూశాను. నిజమే, దూకుతోంది. నా కాలికి తెలుస్తోంది. అంతకంటే రుజువు ఏం కావాలనుకున్నాను. ఆబిడ్స్ అంతా పాకింది మాట. ఒకరి వెంట ఒకరు వచ్చారు.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ.

నలభై దాటిన మనిషి. ఇల్లు బషీర్‌బాగ్. వారానికొకసారి మెదక్ అవతల ఒక చిన్న మిషన్ దవాఖానకు తనే కారు నడుపుకుంటూ పోయి ఆపరేషన్లు చేసి వస్తుంది. షెడ్డులోకి వచ్చి, స్టూల్ తుడవబోతే వద్దని అలాగే కూర్చుని చెప్పింది.

"లారీని దాటబోయిన అన్నా. కాలు కిందిదాంక నొక్కిన. బండి ముంగటికి పోతలేదు, ఎన్కకు గుంజుతున్నట్టున్నది. ఎదురుంగ బస్సు. ఎట్లనో మట్టి మీదికి దింపిన. పావుగంట ఆడనే కూసున్న. దీన్ని జర మంచిగ చూడు."

చూశాను. స్కానర్ తగిలించాను, తప్పేమీ చూపించలేదు. పెట్రోల్ ప్రెషర్ గేజీ పెట్టాను, ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. బండి షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు సుమా! పెట్రోల్ ఫిల్టర్ ఈ మధ్యే మార్చినట్టు సర్వీసు కార్డు మీద ఉంది. ఆబిడ్స్ దాకా తిప్పాను, మెత్తగా పోయింది.

"ఇంజన్‌కు ఊపిరి చాలడం లేదు మేడమ్. పెద్ద థ్రాటిల్ బాడీ వేస్తాను," అని తీర్పు చెప్పాను.

పక్క బండి కింద నుంచి ఉస్తాద్ తల బయటకు వచ్చింది. "ఎక్కుడు మీద చూసినవా?"

"అక్కర్లేదు ఉస్తాద్. నా బండ్లు గుడికి పోవు."

ఆయన నా వంక ఒక క్షణం చూసి, మళ్ళీ బండి కిందికి జారిపోయాడు. బండి నాది, మాట నాది. ఇంకొకరి పని మీద చెయ్యి వేయకపోవడం షెడ్డు మర్యాద. ఆ మర్యాద ఆయన పాటించాడు.

రెండు రోజుల్లో పని పూర్తి చేశాను. డాక్టరమ్మ ఆబిడ్స్ చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చి, "కొత్త బండి లెక్క ఉన్నదన్నా!" అంది. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

వారం తిరగ్గానే పొద్దున్నే వచ్చింది. కారు ఎడమ అద్దం లేదు. తలుపు పొడవునా చెక్కుకుపోయిన గీత. దిగి, తాళాలు నా చేతిలో పెట్టింది.

"మళ్ళ గట్లనే అయింది. ఈసారి ఇంకా ముందుగాలనే దమ్ము వోయింది. చింతచెట్టుకు రాసుకుంట ఆగిన." ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "ఒక మాట అంట, బాధపడకు. నువ్వేం చెయ్యకుండ పంపినా మంచిగుంటుండె. భయానికి నేను లారీని దాటకపోతుంటి. బండి మంచిగైందని ధైర్యం చేసిన."

నేను చేసిన మరమ్మతు ఏమిటో చూశారా? జబ్బు అలాగే ఉంది. ధైర్యం మాత్రం ఎక్కించి పంపాను. నేను ఇన్నేళ్ళు తిట్టిన తాయెత్తు చేసే పని కూడా సరిగ్గా ఇదే!

"ఎల్లుండి మళ్ళ పోవాలె," అంది. "ఒకామెకు ఆపరేషన్ ఉన్నది. ఆగేది కాదు. బండి అయితదా, కాదా? కాకుంటే చెప్పు, వేరే బండి ఎతుక్కుంట."

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. "చెప్పిన గద" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కలిసి పనిచేసిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. నేనైతే అనకుండా ఉండేవాణ్ణా? నెలకొకసారి అనేవాణ్ణి.

"తమ్మీ, గేజీకి పొడుగు పైపు తగిలియ్యి," అన్నాడు.

పెట్రోల్ గొట్టానికి గేజీ తగిలించి, దాని పైపును బానెట్ సందులోంచి బయటకు తీసి, గేజీని ముందు అద్దానికి బయటి నుంచి టేపుతో అంటించాడు. లోపల కూర్చున్నవాళ్ళకు ముల్లు కనిపిస్తుంది. షెడ్డులో బరువైన మనుషులను ఇద్దరిని ఏరి, తనతో పాటు వెనక కూర్చోబెట్టుకున్నాడు. డాక్టరమ్మను స్టీరింగ్ దగ్గర కూర్చోమన్నాడు, ఏసీ వేయమన్నాడు. నన్ను ఆమె పక్కన.

"యాడికి?" అందామె.

"నౌబత్ పహాడ్."

ఉస్తాద్ వెనక నుంచి నా భుజం తట్టాడు. "గుట్టను చూడకు, గుడిని చూడకు. ముల్లును చూడు."

ఎక్కుడు మొదలైన చోట రెండో గేరులో ఆమె కాలు పూర్తిగా నొక్కింది. బండి లేచింది. నేను ముల్లు మీదే కళ్ళు పెట్టాను. సగం ఎక్కేదాకా నిలకడగా ఉంది. అక్కణ్ణుంచి మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, కిందికి జారడం మొదలైంది. ఇంజన్ ఒకసారి వెక్కింది. రెండుసార్లు వెక్కింది. డాక్టరమ్మ "ఇదే! గిదే అన్నా, రోడ్డు మీద గిట్లనే అయింది!" అని అరిచింది.

కిందికి దిగి మళ్ళీ ఎక్కాం. మళ్ళీ అదే. మూడోసారీ అదే.

తక్కువైంది గాలి కాదు, పెట్రోలు. బండి నిలబడి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఇంజన్‌కు కావలసింది గుక్కెడే. ఆ గుక్కెడు అందుతోంది. బరువు వేసుకుని ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు బిందెడు కావాలి. అది అందడం లేదు. అలాంటి ఇంజన్‌కు నేను గాలి తలుపు పెద్దది చేశాను! అన్నం లేక సోలిపోయినవాడికి విసనకర్ర విసిరాను.

షెడ్డుకొచ్చి ట్యాంకు దింపాం. లోపల పంపు మూతికి ఉండే జల్లెడ నిండా గోధుమరంగు మట్టి, టీ వడగట్టాక మిగిలే పిప్పిలా పట్టి ఉంది. బయటి ఫిల్టర్ మార్చినవాళ్ళు లోపలి జల్లెడ చూడలేదు. నేనూ చూడలేదు. ట్యాంకు కడిగి, జల్లెడ మార్చి, మళ్ళీ గుట్ట ఎక్కాం. ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. బండి ఒక్క వెక్కు లేకుండా పైదాకా లాగింది. వెనక కూర్చున్న ఇద్దరు బరువైనవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మీరు అనుకుంటారు, ఇంతటితో నాకు బుద్ధి వచ్చి ఉంటుందని. వాదనలో ఆరితేరినవాడికి బుద్ధి అంత తొందరగా రాదు. "జల్లెడ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ పెద్ద థ్రాటిల్ వేశాక బండి చురుకైన మాట నిజం కదా! మీరే అన్నారు మేడమ్, కొత్త బండిలా ఉందని," అన్నాను.

డాక్టరమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "అన్నా, చక్కెర గోలీ ఏసుకొని నొప్పి వోయిందనెటోళ్ళు నా దగ్గరికి ఎంతమంది వస్తరో తెల్సా? అబద్ధం చెప్తలేరు, వాళ్ళకు నిజంగనే అట్ల అనిపిస్తది. మేం రోగి మాట ఇంటం. కానీ మందు పనిచేసిందా లేదా అన్నది వేరే లెక్క తీస్తం. ఏ గోలీ ఇచ్చినమో రోగికి చెప్పం."

ఉస్తాద్ కళ్ళు మెరిశాయి. "గట్లనే చేద్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున పరీక్ష. పాత చిన్న థ్రాటిల్, నా పెద్ద థ్రాటిల్. ఏది బిగించాడో ఉస్తాద్‌కు మాత్రమే తెలుసు. బానెట్ వేసే ఉంటుంది. గుట్ట కింద ఒక కరెంటు స్తంభం దగ్గర నుంచి పై మలుపు దాకా పూర్తిగా నొక్కి ఎక్కాలి. నడిపేది నేను, నాడి చూసే తన గడియారంతో పక్కన కూర్చుని టైము చూసేది డాక్టరమ్మ. మూడేసి ఎక్కుళ్ళయ్యాక షెడ్డుకు పోయి మార్చడం, మళ్ళీ రావడం. మధ్యాహ్నం దాకా పట్టింది. గుడికి పోయే భక్తులు మమ్మల్ని చూసి, ఏదో పెద్ద మొక్కు తీర్చుకుంటున్నామనుకుని ఉంటారు.

ప్రతిసారీ కాలు పెట్టగానే నేను చెప్పేశాను, "ఇది పెద్దది", "ఇది చిన్నది" అని. ఒక్కటీ తప్పలేదు. గర్వంగా ఉస్తాద్ వంక చూశాను. ఆయన డాక్టరమ్మ చీటీ తీసుకుని, టైములన్నీ షెడ్డు గోడ మీద సుద్దతో రెండు వరసలుగా రాశాడు. "చదువు," అన్నాడు.

చదివాను. రెండు వరసలకూ తేడా లేదు. ఒకే థ్రాటిల్‌తో మూడుసార్లు ఎక్కితే వచ్చిన తేడాయే, రెండు థ్రాటిళ్ళ మధ్య తేడా కంటే ఎక్కువ.

మళ్ళీ మొదటి నుంచి చదివాను. నా కాలు అబద్ధం చెప్పలేదు. తలుపు పెద్దదైతే, కాలు కొంచెం నొక్కగానే ఎక్కువ సందు తెరుచుకుంటుంది. ఇదివరకు సగం నొక్కితే వచ్చే ఊపు ఇప్పుడు పావు నొక్కితే వస్తుంది. అందుకే దూకినట్టుంటుంది. పూర్తిగా నొక్కాక మాత్రం ఆ ఇంజన్ పీల్చుకోగలిగినంతే పీలుస్తుంది. కాలు చెప్పింది నిజం, దానికి నేను చెప్పిన అర్థం అబద్ధం. సుల్తాన్ బజార్‌లో పదేళ్ళు అరిచిన "రుజువు చూపించు" అన్న మాట నేను ఒక్కసారీ నా కాలిని అడగలేదు. దేవుణ్ణి నమ్మినవాడు గేజీని చూశాడు. దేవుణ్ణి నమ్మనివాడు తన బొటనవేలిని నమ్మాడు.

తేల్చుకునే దారి కూడా ఉస్తాదే చూపించాడు. థ్రాటిల్ తలుపుకు లోపలి వైపు, గాలి పీల్పు కొలిచే వాక్యూమ్ గేజీ తగిలించి, ఎక్కుడు మీద పూర్తిగా నొక్కి చూడాలి. ముల్లు సున్నా దగ్గరికి వచ్చిందంటే తలుపు దేనికీ అడ్డం లేదు, దాన్ని పెద్దది చేయడం దండగ. పూర్తిగా తెరిచాక కూడా లోపల పీల్పు మిగిలి ఉంటే, అప్పుడు తలుపు చాలడం లేదని అర్థం. డాక్టరమ్మ బండిలో సున్నాకు వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకు, పందేల కోసం క్యామ్ షాఫ్టు, సైలెన్సర్ గొట్టాలు అన్నీ మార్చిన ఒక కాలేజీ పిల్లాడి కారులో ముల్లు సున్నాకు రాలేదు. "దీనికి నీ పెద్దది ఎయ్యి తమ్మీ, దీనికి పనికొస్తది," అని ఉస్తాదే అన్నాడు. వేశాను. గోడ మీద సుద్ద వరసలు ఈసారి తేడా చూపించాయి. ఆయనకు పెద్ద థ్రాటిల్ మీద పగ లేదు, చిన్నదాని మీద భక్తీ లేదు. అలాంటి మనిషిని నేను మా చర్చావేదికలో ఒక్కణ్ణి కూడా చూడలేదు, నాతో సహా.

కాబట్టి పిల్లలూ, మీ ప్రశ్నకు జవాబు ఇది. మామూలు బండికి వద్దు. ఇంజన్‌లో మిగతావన్నీ మార్చి, గేజీ అడిగితే వేయించండి. మీ కాలు అడిగితే వేయించకండి.

నేను పెద్ద థ్రాటిల్ వేసిన బండ్లవాళ్ళందరినీ పిలిచి నిజం చెప్పాను. వద్దంటే ఊరికే తీసేస్తానన్నాను. ఇద్దరు తీయించుకున్నారు. ఖైరతాబాద్ వకీలు గారు మాత్రం సుద్ద లెక్కలన్నీ విని, "నీ లెక్కలు నీ దగ్గర వెట్టుకో భాయ్, నాకైతే దుంకుతున్నది," అని బండెక్కి పోయాడు. ఆయన్ను తిట్టే అర్హత నాకు లేదని అప్పుడే తెలుసుకున్నాను.

నౌబత్ పహాడ్ మీద నా అభిప్రాయం సగం మారింది. నిమ్మకాయ దండగే. ఇప్పుడూ అదే అంటాను. కానీ కుంకుమలో చుట్టి ఆ పాత మెకానిక్కులు ఒక అసలైన పరీక్షను ఏళ్ళ తరబడి దాచారు. బరువుతో, పూర్తి బలంతో ఇంజన్‌ను నిలదీసే పరీక్ష. చుట్టిన గుడ్డ విప్పి లోపలి వస్తువును తీసుకోవలసిన వాణ్ణి, మూటనే రోడ్డు మీదికి విసిరేశాను. సంస్కర్తలం అనుకునేవాళ్ళకు ఇది వృత్తిరోగం. ఉస్తాద్ ఒక్కడే ఎవరినీ తిట్టకుండా ఆ మూట విప్పుకున్నాడు. నేను ఆ తర్వాత కూడా ఆయనతో ప్రార్థన గురించి వాదించాను, ఆయన రిటైరైన రోజు దాకా వాదించాను. ఇద్దరిలో ఎవరూ మారలేదు. నా బండ్లు మాత్రం ఆయన బండ్ల వెనకే గుట్ట ఎక్కాయి.

సుద్ద లెక్కలు చూసిన రోజునే డాక్టరమ్మ చిన్న థ్రాటిలే ఉంచమంది. "పేషెంటును ఎక్కించుకున్నప్పుడు బండి దుంకితే కాదు, మెల్లగ కదలాలె," అంది. ఆ మర్నాడే ఆమె బయల్దేరింది. ఆ రోజంతా నాకు పని చేతికి రాలేదు. ఫోను మోగినప్పుడల్లా లేచాను. ఉస్తాద్ చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం నాలుగు దాటాక మిషన్ దవాఖాన నుంచి ఆమే చేసింది.

"చేరిన అన్నా. ఆపరేషన్ కూడ అయింది. తల్లి మంచిగున్నది, బిడ్డ మంచిగున్నది."

"లారీలు తగిలాయా మేడమ్? దాటారా?"

"దాటిన. మూడో, నాలుగో."

"బండి ఎలా లాగింది?"

ఆమె గుర్తు చేసుకోబోయింది. తర్వాత, కొంచెం నొచ్చుకున్నట్టుగా, అంది:

"ఏమో అన్నా, గమనించలే. ఆపరేషన్ గురించి ఆలోచించుకుంట వోయిన."